తలలో నీరు – దారి చూపిన వారు



ముప్పై ఏళ్ళకు పైగా ఇన్‌వార్డు, అవుట్‌వార్డు రిజిస్టర్లు రాసిన గుమాస్తాను నేను. వైద్యం నా శాఖ కాదు. కానీ మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల ఈ చరిత్ర తెలుసుకోవలసి వచ్చింది.

మా ఆవిడకు అరవై తొమ్మిదో ఏట నడక మారింది. పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఈడుస్తూ నడిచేది. తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం, ఆపైన మతిమరుపు. "వయసు మీద పడింది, ఇక ఇంతే" అని నేనే రెండేళ్ళు గడిపేశాను. చివరికి మా కోడలు పట్టుబట్టి స్కాన్ చేయిస్తే, మెదడులో నీటి గదులు ఉబ్బి ఉన్నాయని తేలింది. ఆ జబ్బు పేరు హైడ్రోసెఫాలస్.

మెదడులో రోజుకు సుమారు అర లీటరు నీరు ఊరుతుంది. తలలోనూ వెన్నులోనూ కలిపి నిలువ ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే. తక్కినది రక్తంలో కలిసిపోతుంది. ఇన్‌వార్డుకు తగ్గ అవుట్‌వార్డు లేకపోతే బల్ల మీద ఫైళ్ళు పేరుకున్నట్టు, ఈ నీరూ పేరుకుపోతుంది. దాన్ని మళ్ళించే సన్నని గొట్టమే షంట్.

1949లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నల్సెన్, స్పిట్జ్ అనే సర్జన్లు వాల్వు అమర్చిన గొట్టంతో ఈ నీటిని మెడ రక్తనాళంలోకి పంపారు. 1955లో జాన్ హోల్టర్ అనే పనివాడికి ఈ జబ్బుతో కేసీ అనే కొడుకు పుట్టాడు. వాల్వుల ఇబ్బంది కళ్ళారా చూసిన ఆ తండ్రి, సిలికోన్‌తో స్వయంగా కొత్త వాల్వు తయారుచేశాడు. 1956 నుంచి అది వాడుకలోకి వచ్చింది. కేసీ 1961లో చనిపోయాడు. తండ్రి చేసిన వాల్వు మాత్రం ఎందరో బిడ్డలను బతికించింది.

1960లో న్యూయార్క్‌లో రచయిత రోల్డ్ డాల్ నాలుగు నెలల కొడుకు ఉన్న బండిని టాక్సీ గుద్దింది. షంట్ పదేపదే మూసుకుపోతుంటే డాల్ ఊరుకోలేదు. బొమ్మ విమానాల ఇంజన్లకు పంపులు చేసే స్టాన్లీ వేడ్‌నూ, లండన్ సర్జన్ కెన్నెత్ టిల్‌నూ కలిపి 1962లో మరో వాల్వు చేయించాడు. ముగ్గురూ లాభం తీసుకోలేదు. అది తయారయ్యేసరికి ఆ పిల్లవాడు కోలుకున్నాడు. ఉపయోగపడింది పరుల బిడ్డలకు.

మన వయసువారికి దారి చూపింది కొలంబియా డాక్టర్ సాలమన్ హకీమ్. తలలో ఒత్తిడి మామూలుగా కనబడినా నడక, మూత్రం, మతి మూడూ చెడవచ్చునని, షంట్‌తో బాగుపడవచ్చునని 1965లో లోకానికి చెప్పాడు.

మన దేశమూ వెనకబడలేదు. ఇక్కడ తయారైన చవక ఛాబ్రా షంట్‌ను, ఖరీదైన విదేశీ షంట్‌ను ఉగాండాలో 195 మంది పిల్లల్లో పోల్చి చూశారు. ఒకటి 35 డాలర్లు, రెండోది 650 డాలర్లు. ఏడాది తర్వాత ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2005లో ప్రకటించారు.

నేడు ఎక్కువగా నీటిని పొట్టలోకి పంపుతారు. అది కుదరనప్పుడు గుండె గదిలోకి పంపుతారు. కొందరికి నడుము దగ్గర వెన్ను నుంచే పొట్టలోకి గొట్టం వేస్తారు. పైనుంచి అయస్కాంతంతో ఒత్తిడి సవరించే వాల్వులూ ఉన్నాయి. నీటికి అడ్డు పడిన కొందరికి గొట్టమే లేకుండా, దుర్భిణితో మెదడు గదిలో రంధ్రం చేసి దారి ఇస్తారు.

మా ఆవిడకు ముందు వెన్నులోంచి కొంత నీరు తీసి చూశారు. నడక తేలికపడింది. ఆ తర్వాతే పొట్టలోకి షంట్ వేశారు. ఇప్పుడు కర్ర లేకుండా రామాలయానికి వెళ్ళివస్తోంది. పేర్లు మాత్రం ఇంకా మరచిపోతుంది. ఆ రెండేళ్ళు నేను పోగొట్టినవే.

మతిమరుపు అంతా ఇదే జబ్బు కాదు. షంట్ మూసుకుపోవచ్చు, చీము పట్టవచ్చు. తలనొప్పి, వాంతులు, మగత, జ్వరం కనబడితే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. కానీ నడక మారిన పెద్దవారిని "వయసు" అని ఫైలు మూసేయకండి. ఒక్కసారి డాక్టరుకు చూపించండని నా మనవి.