అడ్డపొగయు అంగిటి రాచపుండును

నోటి రాచపుండు అన్యదేశములందు నాలుకనో నోటి అడుగునో ఆశ్రయించుచుండగా, విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములందు అది గట్టి అంగిటినే పట్టుటకు హేతువేమని వైద్యులు చాలకాలము విచారించిరి. హేతువు పల్లెలయందు ప్రతిదినము కానవచ్చునదే. చుట్ట వెలిగించి, నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి, పెదవులు బిగించి పీల్చుటను అక్కడివారు అడ్డపొగ యందురు. ఈ అలవాటు స్త్రీలయందు హెచ్చు. గాలికి ఆరదనియు, చుట్ట చాలసేపు నిలుచుననియు వారు చెప్పు సమాధానము.

1937లో కిని, సుబ్బారావు గారలు ఈ సంబంధమును వైద్యలోకమునకు సూచించిరి. 1945లో ఖనోల్కరు, సూర్యాబాయి గారలు చుట్టను, ఖైనీని, ధోవతిని ఒక్క వ్యాసమున చేర్చి, అలవాట్లవలన పుట్టు రాచపుండ్లను వర్ణించిరి. నడుమున బిగించిన ధోవతికూడ పుండు తెచ్చునన్న నవ్వు వచ్చును గాని, ఆ పరిశీలనము సత్యమే. 1957లో గోవిందరెడ్డిగారు కోస్తా ఆంధ్రమునందలి అంగిటి వ్యాధిని ప్రత్యేకముగా చర్చించిరి.

అయినను వీరందఱు ముదిరిన పుండునే ప్రధానముగ చూచిరి. దానికి ముందును, దాని ప్రక్కనను ఉండు వికారములను గ్రామగ్రామము తిరిగి పరిశీలించినవారు, బొంబాయి టాటా పరిశోధనసంస్థకు చెందిన మెహతాగారును, డెన్మార్కు దేశీయుడగు పింద్‌బోర్గుగారును, వారి సహచరులును. శ్రీకాకుళ మండలమున 10,169 మంది నోళ్ళు చూడగా, నూటికి నలువదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే యని 1971లో ప్రకటించిరి. ఆ అంగిళ్ళ వర్ణనము మిక్కిలి విలువైనది: బూడిదవన్నె తెలుపుతో మందమైన పొర, దానిపై నడుమ ఎఱ్ఱని చుక్కగల చిన్న బుడిపెలు, ఒకచోట నలుపు, వేఱొకచోట రంగు కోల్పోయిన మచ్చ, అంచున ఎఱ్ఱని ప్రదేశము, క్వచిత్తుగా పుండు, ఇవన్నియు ఒకే అంగిట కలిసియుండవచ్చును. ఏటేట అవే యిండ్లకు పోయి చూచిన మీదట, రాచపుండు నిర్మలమైన అంగిట హఠాత్తుగా మొలచుట అరుదనియు, పూర్వవికారముగల చోటనే తఱచు పుట్టుననియు తేలినది.

పిమ్మట ఎర్నాకుళము, భావనగరము, శ్రీకాకుళము మండలములలో 36,000 మంది పొగాకు వాడువారికి ఉపదేశముచేసి చూచిరి. 1986లో వెలువడిన ఫలితములనుబట్టి పలువురు మానిరి, క్రొత్త తెల్లమచ్చలు తగ్గెను. చిరకాలపు అలవాటు మాటలతో పోదను నిరాశకు ఇది చాలిన ప్రత్యుత్తరము.

తెల్లదనము మాత్రమే యున్నచో చుట్ట మానిపించి వైద్యుని కనుసన్నలలో నుంచవచ్చును. నడుమ ఎఱ్ఱని మచ్చయో, రెండు వారములకు మానని పుండో కనబడినచో, ముక్క తీయించి పరీక్షింపక జాగు చేయరాదు.