అమ్రాబాదు మిట్టపై భజన గోష్ఠి

పాలమూరు సీమకు దక్షిణపు కొసన, కృష్ణానదికి ఉత్తరాన, నల్లమల కొండలలో రెండు మెట్లుగా లేచిన మిట్ట అమ్రాబాదు పీఠభూమి. పై మెట్టు దట్టమైన అడవి. చెంచుల పెంటలు అక్కడ ఉన్నవి. కింది మెట్టు చేలకూ చెరువులకూ ఊళ్లకూ నెలవు. 1940లో హైమండార్ఫు అనే మానవశాస్త్రవేత్త ఈ మిట్టపై చెంచుల నడుమ ఉండి వారి జీవితాన్ని పరిశీలించినాడు; ఆయన గ్రంథం 1943లో వెలువడినది. లోకం ఈ ప్రాంతాన్ని ఆ గ్రంథం వల్లనూ, తరువాత పెద్దపులుల అభయారణ్యం వల్లనూ ఎరిగినది. కాని కింది మెట్టు ఊళ్లకు మరొక చరిత్ర ఉన్నది. అది కాగితం మీద కంటె గొంతులలోనే ఎక్కువగా నిలిచినది. అది భజన గోష్ఠి చరిత్ర.

పాశ్చాత్య దేశాలలో చాంబరు కోయిరు అనే గాయక బృందాలు ఉన్నవి. వేలమంది కూర్చునే మందిరాలకు కాక, ఒక గదికి సరిపడే చిన్న కూటములుగా ఇరవై ముప్పదిమంది చేరి పాడటం వారి పద్ధతి. వేల్సు దేశపు బొగ్గుగని కార్మికులు ప్రార్థన మందిరాలలో పాడి పాడి తమ జాతికే గాన జాతి అన్న పేరు తెచ్చినారు. మన పల్లెల భజన గోష్ఠి ఆ కోవకు చెందినదే. భేదం ఒకటి ఉన్నది. అక్కడ నాలుగు తెగల గొంతులు నాలుగు స్వరాలు పట్టి ఒక పొందికను సాధిస్తవి. ఇక్కడ అందరిదీ ఒకే స్వరం. ముందుపాట వాడు పల్లవి ఎత్తుకుంటాడు. తక్కినవారు దానిని అందుకుంటారు. చరణం ఒక్కడిది, పల్లవి పదిమందిది. మొదట నెమ్మదిగా, పిమ్మట రెండవ కాలంలో, చివరకు తాళాలూ చిడతలూ మద్దెలా ఒక్కటై ఉరకగా కీర్తన ముగుస్తుంది. గొంతు బాగున్నవాడు ముందుంటాడు. లేనివాడు వెలికి పోడు. వానికి చిడతలు ఉన్నవి.

ఈ సంప్రదాయం నిన్న మొన్నటిది కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) నాటికే సంకీర్తన తెలుగుదేశంలో ఒక మహాప్రవాహం. 17వ శతాబ్దిలో గోలకొండ ఏలుబడిలో కంచెర్ల గోపన్న రామదాసుగా మారి పాడిన కీర్తనలు భద్రాద్రి నుండి బయలుదేరి తెలుగు పల్లెలన్నిటా స్థిరపడినవి. త్యాగరాజస్వామి (1767-1847) సైతం కచేరీ కృతులతో తృప్తి పడక, నలుగురూ కలిసి పాడుటకై దివ్యనామ కీర్తనలనూ ఉత్సవ సంప్రదాయ కీర్తనలనూ రచించినాడు. పాలమూరు సీమ కూడ ఈ విషయంలో పేదది కాదు. మన్నెంకొండ హనుమద్దాసు, రాకమచర్ల వేంకటదాసు, వేపూరు హనుమద్దాసు వంటి వాగ్గేయకారుల కీర్తనలు ఇక్కడి భజనలకు సొంత సొమ్ము. వీరి పేర్లు కచేరీ వేదికలపై అరుదుగా వినిపిస్తవి. శ్రీరామనవమి పందిరిలోనూ ధనుర్మాసపు వేకువలోనూ మాత్రం వారు చిరంజీవులు.

దీనికి తోడు తత్త్వాల పాయ ఒకటి ఉన్నది. పోతులూరి వీరబ్రహ్మం తత్త్వాలు, ఆయన శిష్యుడైన దూదేకుల సిద్ధయ్య తత్త్వాలు ఏకతార మీద ఊరూరా తిరిగినవి. ఈ మిట్టకు పొరుగునే ఉన్న దేవరకొండ ప్రాంతంలో, చింతపల్లిలో, మాదిగ కులంలో పుట్టిన దున్న ఇద్దాసు 19వ శతాబ్దిలో గొప్ప తత్త్వకవి. దేహమెంత, కులమెంత, గురువెవరు అన్న ప్రశ్నలను బడి ముఖం చూడనివారు రాత్రింబవళ్లు తర్కించుకున్నారంటే, అందుకు ఆధారం ఈ పాటలే.

ఇక్కడ మన శ్రోతలు ఒక్క విషయం గుర్తుంచుకోవలె. నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైతం బోధన ఉర్దూలోనే సాగినది. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో చదవను వ్రాయను నేర్చినవారు నూటికి ఇంచుమించు పదిమందే. మిట్ట మీది ఊళ్ల సంగతి చెప్పనక్కర లేదు. అటువంటి కాలంలో రైతూ, సాలీ, వడ్రంగీ మంచి తెలుగును, సమాసాలతో, ఛందస్సు నడకతో, పురాణ గాథలతో సహా నోటికి నేర్చినది ఎక్కడ? పగటి పని ముగిసిన తరువాత గుడి అరుగు మీద, దీపపు వెలుగులో, భజన గోష్ఠిలోనే. దానికి ఫీజు లేదు, పరీక్ష లేదు. తప్పు పలికితే పక్కవాడు దిద్దుతాడు, మరచిపోతే పదిమంది అందిస్తారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక ప్రకటించినారు. కవులు ఉన్నారని ఆ గ్రంథం చాటినది. ఆ కవిత్వాన్ని ఆదరించగల చెవులు పల్లెలలో ఉన్నవని భజన గోష్ఠి ప్రతి రాత్రీ చాటుతూనే ఉన్నది.

గోష్ఠి చేసిన మేలు పండుగలతో ఆగలేదు. ఊరిలో ఒకరు కన్ను మూసినప్పుడు, ఆ రాత్రి ఆ ఇంటి వాకిట చేరి తెల్లవార్లూ తత్త్వాలు పాడేది వీరే. ఏడ్చి ఏడ్చి అలసిన ఇంటివారికి ఆ పాట ఒక తోడు. ఏమి చెప్పి ఓదార్చవలెనో తెలియని ఇరుగుపొరుగుకు పల్లవి అందుకొనుటే ఓదార్పు. ఇంతకంటె గొప్ప సాంఘిక సేవ ఏ సంఘం చేసినదో మేము చెప్పలేము.

అట్లని లోపం లేదని కాదు. గుడి ముందరి భజన వేరు, వాడలోని భజన వేరు. ఆ గోడను భజన కూల్చినదని అంటే అసత్యమే అవుతుంది. పాటకు మాత్రం ఆ గోడ అడ్డు రాలేదు. గుడిలోని కీర్తన వాడకు పోయినది. వాడలోని తత్త్వం ఊరిలోకి వచ్చినది. మనుషులు కూర్చోలేని చోట పాటలు కలిసి కూర్చున్నవి. ఏటేట చైత్ర పౌర్ణమికి లింగమయ్య దర్శనానికై సలేశ్వరం లోయలోకి దిగే జనాన్ని చూచినవారికి ఇది తెలుస్తుంది. అక్కడ పూజారులు చెంచులు. ఆ రాళ్ల దారిలో వస్తున్నామని లింగమయ్యకు ఒకడు కేక వేస్తే, ముందూ వెనుకా ఉన్నవారందరూ, ఏ ఊరివారైనా, ఆ కేకను అందుకుంటారు. భజనకు మూలం ఆ అందుకోవడమే.

ఈ సంపదను గుర్తించిన పండితులు లేకపోలేదు. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి 1956లో ఉస్మానియా నుండి డాక్టరేటు పొందినారు. ఈ మిట్ట దాపున ఉన్న జినుకుంటలో 1928లో పుట్టిన కపిలవాయి లింగమూర్తిగారు 2018లో కన్నుమూసే వరకు పాలమూరు గుడులనూ గాథలనూ గ్రంథాలకెక్కించినారు. అయితే గ్రంథం పాటను దాచగలదే కాని పాడలేదు.

ఇక మా వంతు ఒప్పుకోలు. 1935లో నిజాం ప్రభుత్వ ఆధీనంలో హైదరాబాదు రేడియో ప్రసారాలు సాగించినది. 1950లో ఆకాశవాణిలో కలిసినది. విజయవాడ కేంద్రం భక్తిరంజని తెలుగు ఇళ్లలో ఎన్నో ఉదయాలకు మేలుకొలుపు అయినది. మంచి గొంతులను మారుమూల పల్లెకు చేర్చితిమన్న తృప్తి రేడియోవారికి ఉన్నది. కాని ఆ తృప్తి వెనుకనే ఒక నష్టమూ ఉన్నది. పాడే ఊరిని వినే ఊరుగా మార్చిన పాపంలో మాకూ పాలు కలదు. మా తరువాత గుడి మైకు వచ్చినది, క్యాసెట్టు వచ్చినది, నేడు జేబులోని ఫోను వచ్చినది. శ్రుతి తప్పని పాట మీట నొక్కితే వస్తున్నప్పుడు, శ్రుతి తప్పే పది గొంతులు ఎందుకన్న సందేహం పల్లెకు కలిగినది. చిడతలు గూటిలో చేరినవి.

ఆ సందేహానికి జవాబు భజన గోష్ఠిలోనే ఉన్నది. యంత్రం పాడగలదు, వాకిట కూర్చుండి తోడు ఉండలేదు. తప్పు పలికినవానిని చిరునవ్వుతో దిద్దలేదు. కనుక శ్రోతలకు మా మనవి ఒక్కటే. మీ ఊరిలో, మీ వీధిలో ఇంకను ఒక గోష్ఠి నడుస్తున్నదా? అయితే ఈ శనివారం రాత్రి రేడియో కట్టివేసి అక్కడికి వెళ్లండి. గొంతు లేదని జంకవద్దు. పల్లవి అందుకుంటే చాలు.