అల్లూరి సీతారామరాజు (1974 చలనచిత్రం)

అల్లూరి సీతారామరాజు 1974 మే 1న విడుదలైన తెలుగు చారిత్రక చలనచిత్రం. తూర్పు కనుమల్లోని గూడెం, రంప మన్యంలో 1922 నుంచి 1924 వరకు సాగిన గిరిజన తిరుగుబాటు దీని ఇతివృత్తం. పద్మాలయా సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి వి. రామచంద్రరావు దర్శకుడు. కథ, సంభాషణలు త్రిపురనేని మహారథివి. ఘట్టమనేని కృష్ణ నాయక పాత్రధారి. ఇది ఆయన నూరవ చిత్రం, తెలుగులో పూర్తి నిడివిలో వచ్చిన తొలి సినిమాస్కోప్ చిత్రం. వీరగాథగా పేరుపొందిన ఈ సినిమాకు నాటకీయ బలాన్నిచ్చింది మాత్రం ఒక అపరాధ భావన. తన వల్ల ఊళ్లు నలిగిపోతున్నాయన్న బాధ నాయకుణ్ణి లొంగుబాటు దాకా నడిపిస్తుంది. తిరుగుబాటు తర్వాత ద్వీపాంతర శిక్షలు అనుభవించినవారి కథ సినిమా పరిధికి బయటే ఉండిపోయింది.

చారిత్రక నేపథ్యం

అరకు, పాడేరు, చింతపల్లి, రంపచోడవరం ప్రాంతాలు బ్రిటిష్ పాలనలో ఏజెన్సీగా ఉండేవి. మైదాన ప్రాంత చట్టాలన్నీ ఇక్కడ యథాతథంగా అమలయ్యేవి కావు. గ్రామాల సముదాయమైన ముఠాపై శిస్తు వసూలు బాధ్యత ముఠాదారుది. మన్యంలో తిరుగుబాటును పితూరి అనేవారు. 19వ శతాబ్దంలోనే ఇక్కడ పలు పితూరీలు జరిగాయి. వాటిలో పెద్దది 1879లో మొదలైన రంప పితూరి. రంప ప్రాంత పాలకుడైన మున్సబుదారు దోపిడి, కల్లు గీతపై వేసిన చిగురుపన్ను దానికి ప్రధాన కారణాలు. దాన్ని అణచివేశాక పట్టుబడినవారిలో అనేకమందిని అండమాన్‌కు పంపారు. మన్యానికి ద్వీపాంతరవాసం అల్లూరి కాలానికి ముందే తెలిసిన శిక్ష.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని, అటవీ ఉత్పత్తుల సేకరణను కట్టడి చేసింది. గూడెం తాసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయిస్తూ గిరిజనులచేత నామమాత్రపు కూలికి చాకిరీ చేయించాడు. బత్తిపనుకుల ముఠాదారీ పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన సోదరుడు గాం మల్లుదొర ఈ అసంతృప్తికి స్థానిక నాయకులు. సన్యాసిగా మన్యానికి వచ్చి గిరిజనుల నమ్మకాన్ని పొందిన అల్లూరి సీతారామరాజు వారితో కలిశాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచి ఉండి జరిపిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు చనిపోయారు. ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసును దించింది. డిసెంబరులో పెద్దగడ్డపాలెం వద్ద తిరుగుబాటుదారులు భారీగా నష్టపోయారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళాలు వచ్చాయి. ఏప్రిల్‌లో టి.జి. రూథర్‌ఫర్డ్ ఏజెన్సీ ప్రత్యేక కమిషనరయ్యాడు. 1924 మే 7న రామరాజును మంప వద్ద పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపారు. అంత్యక్రియలు కృష్ణదేవిపేటలో జరిగాయి. మరుసటి నెలలో గంటందొర కూడా పోలీసుల చేతిలో చనిపోయాడు.

తెర మీదికి తొలి అడుగులు

రామరాజు కథ సినిమా కంటే ముందు బుర్రకథగా ఊరూరా తిరిగింది. షేక్ నాజర్ చెప్పిన అల్లూరి బుర్రకథ 1954 నాటి 'అగ్గిరాముడు'లో చోటుచేసుకుంది. అది చూసినప్పుడే ఈ పాత్రపై కోరిక కలిగిందని కృష్ణ తర్వాతి కాలంలో చెప్పేవారు. ఎన్.టి. రామారావు కూడా చాలాకాలం ఈ చిత్రం తీయాలనుకున్నారు. నిర్మాత డి.ఎల్. నారాయణ శోభన్‌బాబుతో తలపెట్టిన ప్రయత్నమూ కార్యరూపం దాల్చలేదు.

వి. రామచంద్రరావు దర్శకత్వంలో 1968లో వచ్చిన 'అసాధ్యుడు'లో ఒక నాటక ఘట్టంలో కృష్ణ తొలిసారి అల్లూరి వేషం కట్టారు. 1965లో 'తేనె మనసులు'తో నాయకుడైన కృష్ణ తొమ్మిదేళ్లలో నూరవ చిత్రానికి చేరుకున్నారు. ఆ మైలురాయికి ఈ కథనే ఎంచుకుని, సోదరులు జి. హనుమంతరావు, జి. ఆదిశేషగిరిరావులతో కలిసి సొంత సంస్థలో నిర్మించారు.

నిర్మాణం

చిత్రీకరణలో ముఖ్యభాగం తిరుగుబాటు జరిగిన చింతపల్లి అడవుల్లోనే సాగింది. భారీ తారాగణాన్ని, సినిమాస్కోప్ పరికరాలను ఘాట్ రోడ్ల మీదుగా చేర్చి, అక్కడే బస ఏర్పాటు చేశారు. భారతీయ సినిమాలో స్కోప్ విధానం 1959 నాటి హిందీ చిత్రం 'కాగజ్ కే ఫూల్'తో మొదలైంది. 1973లో 'రాజరాజ చోళన్'తో తమిళంలోకి వచ్చింది. తెలుగులో దాన్ని ఈ చిత్రంతో ప్రవేశపెట్టిన ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. కొండ వాలు, దాని మీద బారులు తీరిన జనం, దిగువన దారి ఒకే చట్రంలో ఇమడడానికి ఈ వెడల్పు తెర తోడ్పడింది. కొండ ఎవరి చేతిలో ఉందన్నదే గెలుపోటములను తేల్చిన పోరాటానికి ఇది తగిన ఎంపిక.

చిత్రీకరణ సాగుతుండగా దర్శకుడు రామచంద్రరావు అనారోగ్యంతో మరణించారు. మిగిలిన భాగాన్ని కృష్ణ పూర్తిచేశారు. పోరాట దృశ్యాలను 'మోసగాళ్లకు మోసగాడు' (1971) దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ తీశారు. అయినా దర్శకుడిగా రామచంద్రరావు పేరునే ప్రకటించారు.

విజయనిర్మల, కొంగర జగ్గయ్య, గుమ్మడి, బాలయ్య, ప్రభాకరరెడ్డి, కాంతారావు, చంద్రమోహన్, రావు గోపాలరావు తదితరులు నటించారు. రూథర్‌ఫర్డ్ పాత్ర పోషించిన జగ్గయ్య అంతకుముందే ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికైన నటుడు.

కథనం, ప్రధాన భావన

యువ రామరాజు దేశమంతా తిరిగి మన్యం చేరడంతో మొదలై అతని మరణంతో కథ ముగుస్తుంది. గిరిజనులపై అధికారుల వేధింపులు, పోలీసు స్టేషన్ల ముట్టడి, కనుమల్లో పోరు దీని నడుమ వస్తాయి. రామరాజును ప్రేమించే సీత పాత్రలో విజయనిర్మల నటించారు. ఈ ప్రేమకథకు జానపద కథనాలే ఆధారం.

రెండో సగంలో చిత్రం స్వరం మారుతుంది. రామరాజు చిక్కకపోవడంతో పాలకులు ఊళ్ల మీద పడతారు. వారంలోగా అతని ఆచూకీ చెప్పకపోతే మన్యం ప్రజలను కాల్చిపారేస్తామని రూథర్‌ఫర్డ్ కృష్ణదేవిపేటలో ప్రకటించాడన్న కథనం ప్రజల్లో బాగా వ్యాపించింది. చిత్రం ఇదే కోణాన్ని తీసుకుంది. తన కోసం పెడుతున్న హింసను చూసి నాయకుడు తనను తాను నిలదీసుకుంటాడు. పోరాటం న్యాయమైనదే, దాని మూల్యం మాత్రం ఆయుధం పట్టని ముసలివారు, పిల్లలు చెల్లిస్తున్నారు. ఈ చిక్కుముడికి అతను కనుగొన్న పరిష్కారం లొంగుబాటు. అంతకుముందు దాడుల్లో కనిపించిన ధీమా కన్నా ఈ నిర్ణయమే పాత్రను లోతుగా నిలబెట్టింది.

పతాక సన్నివేశంలో రామరాజు, రూథర్‌ఫర్డ్ ముఖాముఖి నిలుస్తారు. మహారథి సంభాషణలు ఇక్కడ ఇద్దరికీ వాదన వినిపించే అవకాశం ఇచ్చాయి. రూథర్‌ఫర్డ్‌ను కేకలు వేసే క్రూరుడిగా కాక, తన సామ్రాజ్య కర్తవ్యంపై నమ్మకమున్న అధికారిగా జగ్గయ్య నటించారు. అందువల్ల శిక్షించే వాడి మనస్సాక్షి కూడా సన్నివేశంలో విచారణకు వస్తుంది.

చరిత్రతో తేడాలు

కొయ్యూరులో రామరాజు మరణానికి సంబంధించి రికార్డుల్లో కనిపించే అధికారి మేజర్ గుడాల్. రూథర్‌ఫర్డ్‌తో సుదీర్ఘ వాగ్వాదం నాటకీయ కల్పన. రామరాజు లొంగిపోయాడా, పట్టుబడ్డాడా అన్న విషయంలో ప్రజల కథనానికీ ప్రభుత్వ కథనానికీ పొంతన లేదు. మంప చెరువులో స్నానం చేస్తుండగా పట్టుకున్నారన్నది ఎక్కువగా చెప్పుకునే వివరం. చిత్రం మాత్రం ఆత్మార్పణ వైపే మొగ్గింది.

రెండో తేడా పోరాటపు పునాదికి సంబంధించినది. ముఠాదారుల హక్కుల రద్దు, పోడుపై ఆంక్షలు, రోడ్డు పనుల వెట్టి తిరుగుబాటుకు స్థానిక కారణాలు. చిత్రం వీటిని చూపుతూనే, కథను ఒకే నాయకుడి చుట్టూ, జాతీయ స్వాతంత్ర్య స్ఫూర్తి చుట్టూ అల్లింది. దాంతో గంటందొర, మల్లుదొర, వీరయ్యదొర వంటివారు సహాయ పాత్రల స్థాయికి తగ్గారు.

తెర బయట మిగిలిన ప్రవాసం

రామరాజు మరణంతో చిత్రం ముగిసినా, తిరుగుబాటు ఫలితాలు అక్కడితో ఆగలేదు. అతని ముఖ్య అనుచరుల్లో ఒకడైన అగ్గిరాజు అసలు పేరు వేగిరాజు సత్యనారాయణరాజు. ప్రాణాలతో చిక్కిన అతన్ని అండమాన్‌కు పంపగా అక్కడే మరణించాడు. 1923 సెప్టెంబరులో పట్టుబడిన గాం మల్లుదొరకూ అండమాన్ శిక్షే పడింది. అతను తిరిగి వచ్చాడు. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అదే నియోజకవర్గం నుంచి గెలిచిన మరో స్వతంత్రుడు లంకా సుందరం.

తమ్ముడు చెరలో ఉండగా అన్న గంటందొర పోరులోనే ప్రాణం విడిచాడు. అడవిని ఇల్లుగా ఎరిగిన మనిషికి సముద్రం నడుమ చెర ఎలాంటిదో, నాయకుడూ తోబుట్టువూ పోయాక తిరిగి వచ్చినవాడు ఊరివారి ముందు ఎలా నిలిచాడో చెప్పే అవకాశం మల్లుదొర జీవితంలో ఉంది. వీరమరణాన్ని ముగింపుగా ఎంచుకున్న చిత్ర నిర్మాణం ఆ అవకాశాన్ని వదులుకుంది. బతికి వచ్చినవాడి కథకు బలిదానపు కథకున్నంత ఊపు బాక్సాఫీసు వద్ద ఉండదన్న లెక్క ఆనాటి జనరంజక సినిమాకు సహజమే.

సంగీతం

పి. ఆదినారాయణరావు సంగీతం అందించారు. శ్రీశ్రీ, ఆరుద్ర, సి. నారాయణరెడ్డి, కొసరాజు పాటలు రాశారు. తెలుగువారిని పోరాటానికి పిలిచే శ్రీశ్రీ గీతం ఉత్తమ గేయరచనకు జాతీయ పురస్కారం పొందింది. ఆ విభాగంలో తెలుగు పాటకు దక్కిన తొలి జాతీయ గౌరవం అదే. దాన్ని వి. రామకృష్ణతో కలిసి పాడిన ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న, చిత్రం విడుదలకు ముందే కన్నుమూశారు.

ఆదరణ, పురస్కారాలు

చిత్రం ఘనవిజయం సాధించింది. రాష్ట్ర ప్రభుత్వం ఉత్తమ చిత్రంగా బంగారు నంది ప్రకటించింది. తాష్కెంట్‌లో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో దీన్ని ప్రదర్శించారు. కృష్ణ నటజీవితంలో అత్యుత్తమ పాత్రగా విమర్శకులు, అభిమానులు దీన్నే పేర్కొంటారు. ప్రేక్షకులు ఆయన్ను రామరాజుగానే గుర్తుంచుకోవడంతో తర్వాతి చిత్రాలు వరుసగా తడబడ్డాయని, 1976లో 'పాడిపంటలు'తో మళ్లీ నిలదొక్కుకున్నారని సినీ చరిత్రకారులు రాస్తారు.

ప్రభావం

కృష్ణ చిత్రం తర్వాత ఎన్.టి. రామారావు పూర్తి నిడివి అల్లూరి చిత్రం తీయలేదు. 'సర్దార్ పాపారాయుడు' (1980), 'మేజర్ చంద్రకాంత్' (1993) చిత్రాల్లో కొద్దిసేపు ఆ వేషంలో కనిపించారు. కాషాయ వస్త్రం, గడ్డం, విల్లంబులతో కృష్ణ ధరించిన ఆహార్యం తర్వాతి వేషధారణలకు, ఏకపాత్రాభినయాలకు నమూనాగా మారింది. గోండు నాయకుడు భీమ్ జీవితంపై అల్లాణి శ్రీధర్ 'కొమరం భీమ్' తీయడంతో గిరిజన పోరాటాల చిత్రాలకు మరో ధోరణి వచ్చింది. 2022 మార్చి 25న విడుదలైన ఎస్.ఎస్. రాజమౌళి 'ఆర్ఆర్ఆర్' అల్లూరి, భీమ్ పేర్లను తీసుకుని పూర్తిగా కల్పిత కథ చెప్పింది.

అదే ఏడాది ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అరకు లోయ, చింతపల్లి, రంపచోడవరం ఆ జిల్లాలోకి వచ్చాయి. కృష్ణ 2022 నవంబరు 15న మరణించినప్పుడు వెలువడిన నివాళుల్లో అన్నిటికంటే ముందు ప్రస్తావనకు వచ్చిన పాత్ర ఇదే. రామరాజు సహచరుల ద్వీపాంతర జీవితం మాత్రం తెలుగు తెరపై ఇప్పటికీ ప్రధాన కథాంశం కాలేదు.