సోయి

నిజామాబాద్‌లో పెద్దవాళ్లు ‘సోయి ఉన్నదా నీకు?’ అన్నారంటే మందలిస్తున్నారనే అర్థం. స్పృహ, ధ్యాస, జాగ్రత్త మూడూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి. ఎండదెబ్బకు సోయి తప్పుతుంది, నీళ్లు చల్లితే సోయికి వస్తారు. బోధన్ వైపు చేలల్లో చెరకు కొట్టేటప్పుడు సోయి లేకుంటే కత్తి కాలికి తగులుతుంది. ఉన్నప్పటికంటే లేనప్పుడే ఈ మాట ఎక్కువగా నోటికొస్తుంది.

‘మైండ్‌ఫుల్‌నెస్’ అన్న ఇంగ్లిష్ మాటను తెలుగులో చాలామంది ‘ఎరుక’ అంటారు. ఇక్కడ ‘నాకెరుకే’ అంటే ‘నాకు తెలుసు’ అని. అచలమనే తాత్విక సంప్రదాయపు బోధలోనైతే ఎరుక వదిలించుకోవలసిన భ్రమ. 1881లో బౌద్ధ గ్రంథాల అనువాదకుడు రీస్ డేవిడ్స్ మైండ్‌ఫుల్‌నెస్‌గా అనువదించిన పాళీ పదం ‘సతి’. అది సంస్కృత ‘స్మృతి’కి పాళీ రూపం. జ్ఞాపకానికి మనకు ‘యాది’ ఉంది. చేస్తున్న పని మీదే మనసుండటానికి మాత్రం సోయే దగ్గరి మాట.

సతి ఈ సీమకు కొత్త కాదు. ప్రాచీన అస్సక జనపదపు రాజధాని బోధనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆ అస్సక సీమలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి తన పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరకు పంపాడని బౌద్ధ గ్రంథం సుత్తనిపాతం చెబుతుంది. వారిలో మొదట ప్రశ్నించిన అజితుడికి అందిన జవాబులోనే సతి ఉంది.

2003లో అమెరికాలో మనస్తత్వవేత్తలు బ్రౌన్, రయాన్ ఈ ధ్యాసను కొలిచే ఒక ప్రశ్నావళి రూపొందించారు. అందులోని 15 వాక్యాలూ పరధ్యానం గురించినవే. సోయి ఎంత ఉందో, అది లేని సందర్భాలను బట్టి లెక్కగడతారు. దీన్ని డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఇవ్వాలనుకుందాం. తెలుగు చేసి, మరొకరితో తిరిగి ఇంగ్లిష్ చేయించి పోల్చడం చాలదు. ‘సోయి లేకుండా తింటాను’ అన్న వాక్యం ఆ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. చదివే అమ్మాయికి మాత్రం అందులో తల్లి మందలింపు వినిపించవచ్చు. ఆమె తప్పు ఒప్పుకోలేక ‘దాదాపు ఎప్పుడూ కాదు’ దగ్గర గుర్తు పెడితే, మనం ఆమె సిగ్గును కొలిచి ధ్యాస అనుకుంటాం.

అందుకే వాక్యం జరిగిన పని గురించి అడగాలి: ‘తిన్నాక ఏం తిన్ననో యాదికి రాదు.’ ప్రశ్నావళిలో బండి నడపడం గురించి ఉన్న వాక్యాన్ని బస్సులో వచ్చే విద్యార్థికీ వర్తించేలా మార్చాలి. ముందుగా కొందరితో ఒక్కొక్క వాక్యం చదివించి, ఏమర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోవాలి. గణాంకాలు ఆ తర్వాత. సోయి అనే మాట మనకు దగ్గరిది కాబట్టే దానిలోని మందలింపునూ లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడే విద్యార్థి నిజం రాయగలుగుతాడు.