కంప్యూటర్‌లో ₹ గుర్తు ఎలా టైప్ చేయాలి? ఒక్కోసారి డబ్బాలా ఎందుకు కనిపిస్తుంది?

బిల్లు టైప్ చేస్తుంటారు. మీ కంప్యూటర్‌లో రూపాయి గుర్తు చక్కగానే ఉంటుంది. అదే ఫైల్ పక్కవాళ్లకి పంపితే అక్కడ ఖాళీ డబ్బానో, ప్రశ్నార్థకమో కనిపిస్తుంది. అంకె సరే, అది రూపాయలా, డాలర్లా? లెక్కల దగ్గర ఇది చిన్న విషయమేం కాదు. అసలు ఎందుకిలా అవుతుందో చూద్దాం.

ఐఐటీ బాంబేలో డిజైన్ చదివిన డి.ఉదయకుమార్ ఈ గుర్తును రూపొందించారు. 2010 జులై 15న కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. దేవనాగరి 'ర', ఇంగ్లీష్ 'ఆర్' అక్షరాలు రెండూ ఇందులో కలిసి ఉంటాయి. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన యూనికోడ్ 6.0లో దీనికి చోటు దక్కింది. దీని కోడ్ 20బి9. మామూలు లెక్కలో చెప్పాలంటే 8377. అంతకుముందు వాడిన ₨ గుర్తు కోడ్ వేరు, 20ఎ8. కాబట్టి పాత గుర్తుతో వెతికితే కొత్త గుర్తు దొరకదు.

డబ్బా ఎందుకు వస్తుంది?

కంప్యూటర్ దాచుకునేది బొమ్మను కాదు, కోడ్‌ను. ఆ కోడ్‌కు బొమ్మ ఇచ్చేది ఫాంట్. పాత ఫాంట్లలో ఈ బొమ్మ లేదు, అందుకే డబ్బా. ప్రశ్నార్థకం వచ్చిందంటే మాత్రం దాచేటప్పుడో, పంపేటప్పుడో కోడే పోయిందన్నమాట. అప్పుడు ఫాంట్ మార్చినా లాభం ఉండదు. ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే ఈ తిప్పలు తప్పుతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మొదట్లో కొన్ని ఫాంట్లు కీబోర్డులో 1 పక్కనుండే ` గుర్తు స్థానంలో రూపాయి బొమ్మ పెట్టేశాయి. ఆ ఫాంట్ లేని చోట ₹500 కాస్తా `500 అయిపోతుంది. పాత డాక్యుమెంట్లలో అంకె ముందు ఇలాంటి చిన్న గీత కనిపిస్తే కారణం చాలావరకు ఇదే.

ఎలా టైప్ చేయాలి?

విండోస్: ఇంగ్లీష్ (ఇండియా) కీబోర్డు ఎంచుకుని కంట్రోల్, ఆల్ట్, 4 కలిపి నొక్కాలి. కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కినా వస్తుంది. విండోస్ 7కి ఈ సదుపాయం 2011లో అప్‌డేట్‌గా వచ్చింది.

ఎంఎస్ వర్డ్: 20, ఆ తర్వాత ఇంగ్లీష్ బి అక్షరం, ఆపై 9 ఖాళీ లేకుండా టైప్ చేసి వెంటనే ఆల్ట్, ఎక్స్ నొక్కండి. కోడ్ ముందు మాత్రం వేరే అంకె ఆనుకుని ఉండకూడదు.

లైనక్స్: చాలా యాప్‌లలో కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కి అదే కోడ్ కొట్టి ఎంటర్ ఇస్తే చాలు.

ఫోన్: అంకెల కీబోర్డులోకి వెళ్తే ₹ నేరుగా ఉంటుంది. లేదంటే డాలర్ గుర్తుపై వేలు కాసేపు అదిమి ఉంచండి, మిగతా కరెన్సీలు బయటికొస్తాయి.

ఎక్సెల్: గుర్తును చేత్తో కొట్టడం కంటే అంకె మాత్రమే వేసి, ఫార్మాట్ సెల్స్‌లో కరెన్సీ ఎంచుకోవడం మేలు. కూడికలు తప్పవు.

ఎస్ఎంఎస్‌లో జాగ్రత్త

ఎస్ఎంఎస్ మామూలు అక్షరాల పట్టికలో ₹ లేదు. ఇంగ్లీష్ మెసేజ్‌లో ఈ ఒక్క గుర్తు పెట్టినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌లోకి మారిపోతుంది. అప్పుడు ఒక మెసేజ్‌లో పట్టే అక్షరాలు 160 నుంచి 70కి పడిపోతాయి. మెసేజ్‌కి ఇంతని డబ్బు కట్టే వ్యాపారులకు ఇది అదనపు ఖర్చే. తెలుగు మెసేజ్‌లకు ఎలాగూ 70 అక్షరాలే కాబట్టి తేడా ఉండదు.

చివరగా ఒక మాట. ముఖ్యమైన అగ్రిమెంట్లు, చెక్కుల విషయంలో గుర్తు ఒక్కదాన్నే నమ్ముకోకండి. మొత్తాన్ని అక్షరాల్లో కూడా 'రూపాయలు' అని రాయండి. ఫాంట్ ఉన్నా లేకపోయినా ఆ మాట మారదు.