మూలమట్టము - మేస్త్రీ త్రాడు చరిత్ర



గుడి ప్రతిష్ఠ దినమున శిలాఫలకముపై పెద్దల పేర్లు చెక్కుదురు. ఆ గుడి నాలుగు మూలలను సరిగా నిలిపిన మేస్త్రీ పేరు మాత్రము సాధారణముగా అందులో కనబడదు. అయినను ఆయన చేతిలోని త్రాడుకు ఎంతో చరిత్ర గలదు.

మన తిరువూరులో పునాదికి ముగ్గు పోయునప్పుడు గమనించుడి. ముందు ఒక గోడ వరుసకు త్రాడు కట్టుదురు. మూల మేకు నుండి దానిపై 3 అడుగులకు ఒక గుర్తు, రెండవ త్రాడుపై 4 అడుగులకు ఒక గుర్తు పెట్టుదురు. రెండు గుర్తుల నడుమ సరిగా 5 అడుగులు వచ్చువరకు రెండవ త్రాడును జరుపుదురు. అప్పుడు ఆ మూల లంబకోణమగును. ఏలయనగా మూడు మూళ్లు 9, నాలుగు నాళ్లు 16, రెండును కలిపిన 25. అయిదు అయిదులును 25. పెద్ద కట్టడమునకు 9, 12, 15 అడుగులు తీసికొనుట మేలు. చివరకు ఎదురెదురు మూలల కొలతలు రెండును సమానముగా ఉన్నవో లేవో చూతురు. మూల ఒక్క డిగ్రీ తప్పినను 40 అడుగుల గోడ చివర 8 అంగుళములకు పైగా ప్రక్కకు పోవును. పైకప్పు వేయునాడు ఆ తప్పు దాగదు.

ఈ లెక్కను పైథాగరస్ పేర పిలుచుచున్నాము. కాని ఆయనకు వెయ్యేండ్లకు పూర్వమే బబులోనీయులు ఇట్టి సంఖ్యలను మట్టి పలకలపై వ్రాసిరి. మన దేశమున యజ్ఞవేదికల కొలతలకు శుల్బసూత్రములు పుట్టెను. శుల్బమనగా త్రాడు. తెలుగు బ్రాహ్మణ కుటుంబములనేకము తమ సూత్రకారునిగా చెప్పుకొను ఆపస్తంబుడు 15, 36, 39 కొలతల త్రాడుతో వేదిక మూలలు నిలుపు విధము తెలిపెను. 11వ శతాబ్దమువాడని చెప్పబడు పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెలుగు పద్యములలో వ్రాసి గణితమును మన భాషలోనికి తెచ్చెను.

ఆ గ్రంథములు చదువుకొన్న కొందరికే అందినవి. మేస్త్రీ వద్ద పనికి చేరిన కుఱ్ఱవాడు మాత్రము పుస్తకము లేకయే, త్రాడు కొన పట్టుకొని ఈ విద్య నేర్చుకొనెను. అట్టివారి చేతులతోనే మన గ్రామములలో గుడులు, బడులు, ఇండ్లు లేచినవి.

యెహెజ్కేలు దర్శనములోని దేవాలయ వర్ణన ఆరంభముననే కొలత త్రాడు కనబడును. శతవత్సర జ్ఞాపకములు వ్రాసికొను ఈ సమయమున మనమును ఆ త్రాడును మరువరాదు. మన గుడికి ముగ్గు పోసినవారు ఎవరో, జ్ఞాపకమున్న వృద్ధులు మన మధ్య ఉండగానే అడిగి, వారి పేర్లను సంఘపు పుస్తకములో వ్రాసికొందము.