గడప దాకా వచ్చే మనిషి: కల్లూరు అడవి అంచున ఆరోగ్య సేవల చరిత్ర

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ మీదుగా సత్తుపల్లికి పోయే దారిలో కల్లూరు ఉంది. ఇక్కడివి సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే పొలాలు. తూర్పుకు పోయేకొద్దీ పొలం తగ్గి అడవి పెరుగుతుంది. దమ్మపేట, అశ్వారావుపేట దాటి గోదావరి దాకా మన గూడేలే. ఆరోగ్య సేవల చరిత్ర అనగానే ఆస్పత్రి ఎప్పుడు కట్టారు, ఎన్ని మంచాలు వేశారు అని రాస్తారు. గూడెం వైపు నుంచి చూస్తే అడగాల్సిన ప్రశ్న వేరు. జ్వరం వచ్చిన ఇంటి గడప దాకా ఎవరు వచ్చారు? ఎప్పుడు రావడం మానేశారు?

1953కు ముందు ఖమ్మం ప్రాంతం వరంగల్ జిల్లాలో, హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. భద్రాచలం తూర్పు గోదావరిలో ఉండేది. 1959లో గానీ అది ఖమ్మం జిల్లాలో కలవలేదు. ఒకే కోయ జాతికి గోదావరికి అటొక సర్కారు, ఇటొక సర్కారు. ఇల్లెందులో 1871లో బొగ్గు జాడ దొరికింది, 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గు కోసం రైలు వచ్చింది, గని పనివాళ్ల కోసం ఆస్పత్రులు వచ్చాయి. గూడేలకు మాత్రం వడ్డె, ఆకు పసరు, కాన్పు చేసే ముసలమ్మ, ఇవే దిక్కు. వాళ్లను ఇవాళ చిన్నచూపు చూడడం తగదు. పిలిస్తే రాత్రయినా వచ్చినవాళ్లు వాళ్లే. కానీ మన్యం జ్వరం వాళ్ల చేతికి లొంగలేదు.

ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. దేశమంతటికీ మలేరియా నియంత్రణ కార్యక్రమం మాత్రం 1953లో మొదలైంది. అప్పటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వస్తోందని, ఎనిమిది లక్షల మంది చనిపోతున్నారని అంచనా. ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టారు. తర్వాత పదిహేను రోజులకోసారి ఇంటింటికీ తిరిగి, జ్వరమున్నవాళ్ల రక్తపు చుక్క గాజు పలక మీద తీసి, మాత్ర ఇచ్చే పద్ధతి పెట్టారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి.

జబ్బు పోయిందనుకున్నారు. తిరిగే మనుషుల మీద, మందు మీద శ్రద్ధ తగ్గింది. దోమ డీడీటీకి అలవాటు పడింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. ఇందులో మనకొక పాఠం ఉంది: ఇంటికి వచ్చే మనిషి ఆగిపోతే జ్వరం తిరిగి వస్తుంది.

ఇక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సంగతి. 1946 భోర్ కమిటీ నివేదికలో పుట్టిన ఈ ఆలోచన 1952 నుంచి అమలులోకి వచ్చింది. తర్వాత జనాభా లెక్క కట్టారు. మైదానంలో 30 వేల మందికి, ఏజెన్సీలో 20 వేల మందికి ఒక కేంద్రం. ఉపకేంద్రమైతే అక్కడ 5 వేలకు, ఇక్కడ 3 వేలకు. మనకు ఎక్కువే ఇచ్చినట్టు కనిపిస్తుంది. కానీ మైదానంలో 5 వేల మంది రెండు మూడు ఊళ్లలో దొరుకుతారు. వంద మంది చొప్పున ఉండే గూడేల్లో 3 వేల మందిని చూడాలంటే నర్సమ్మ 30 గూడేలు తిరగాలి. నడుమ వాగులు, వానాకాలం. లెక్క మనుషులను చూసింది, దూరాన్ని చూడలేదు.

ఆ దూరం తగ్గించడానికే 1977లో ఊరివాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టారు. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు. ఎక్కువ మంది మగవాళ్లే కావడంతో కాన్పు ఇంట్లో వాళ్లకు పని లేకపోయింది. కొన్నాళ్లకు పథకమే చల్లబడింది. 2005లో వచ్చిన ఆశా పథకంలో ఆ లోపం సరిదిద్దారు. ఆశా ఆ ఊరి ఆడమనిషే అయి ఉండాలి. వెయ్యి మందికి ఒకరన్నది నియమమైనా, గిరిజన ప్రాంతంలో గూడేనికొకరిని పెట్టుకోవచ్చన్నారు. అదే ఏడు 108 బండి వచ్చింది. అయినా బండి రోడ్డు ఉన్నంత దాకే వస్తుంది. రోడ్డు లేనిచోట గర్భిణిని మంచం మీదో జెట్టీ మీదో మోయాల్సిందే. ఎవరికి నెలలు నిండాయో, ఏ వాగు పొంగుతుందో ముందే తెలిసి ఆమెను ఆస్పత్రి ఉన్న ఊరికి చేర్చేది ఆశాయే. ఆమె మన మాట మాట్లాడుతుంది కనుక ఆడవాళ్లు దాచుకోకుండా చెబుతారు. అంత పని చేసే మనిషికి జీతం లేదు, పనిని బట్టి పారితోషికమే. పథకం బలం ఆమెదే, దాని బలహీనత ఈ పారితోషికం.

2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. అయినా అటు ఛత్తీస్‌గఢ్ నుంచి, ఇటు విలీన మండలాల నుంచి రోగులు భద్రాచలం ఆస్పత్రికే వస్తున్నారు. జ్వరానికి సరిహద్దు లేదు. అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల దగ్గర సరైన కాగితాలు లేవని మందు ఆపితే, దోమ పక్క గూడేనికి పోకుండా ఆగదు.

చదువుకున్న పిల్లలు ఏఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్ చదువులవైపు రావాలి. మన మాట తెలిసిన నర్సమ్మ ఒక్కతే వంద బోర్డుల పెట్టు. పంతుళ్లు చేయగలిగింది ఇంకా సులువు. హాజరు పట్టీలో ఒకే గూడెం పిల్లలు ముగ్గురు నలుగురు వరసగా రాకపోతే, అది బడి ఎగ్గొట్టడమని రాసుకోకుండా ఆ రోజే ఆశాకు కబురు పెట్టండి. రక్తపు చుక్క ఒక రోజు ముందు తీసినా ఒక ప్రాణం నిలబడవచ్చు.